ఫన్నర్ అనొచ్చా, అనకూడదా? ఒక చిన్న మాట వెనక ఉన్న పెద్ద కథ

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట గురించి. ఆ మాట "ఫన్నర్".

ఒక వాట్సాప్ గ్రూప్ ఊహించుకోండి. ఒకబ్బాయి ట్రిప్ ఫొటోలు పెట్టి కింద ఇలా రాశాడు: "దిస్ ట్రిప్ వాజ్ ఫన్నర్ దాన్ ద లాస్ట్ వన్." పోయినసారి కంటే ఈసారి ఎక్కువ సరదాగా గడిచింది అని. రెండు నిమిషాల్లో రిప్లై వచ్చేసింది. "ఒరేయ్, ఫన్నర్ ఏంట్రా? ఇంగ్లిష్ ఎక్కడ నేర్చుకున్నావ్ నువ్వు?" దాని కింద నవ్వే ఎమోజీలు వరసగా పది. పాపం వాడు మెసేజ్ డిలీట్ చేసేశాడు.

ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, వాడు నిజంగా తప్పు రాశాడా? దీనికి "అవును", "కాదు" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే ఇంగ్లిష్ అంటే ఉన్న భయం సగం పోతుంది. అందుకే ఈ ఎపిసోడ్. ముందు స్పెల్లింగ్, తర్వాత మాట పుట్టుక, చివర్లో ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు. వరసగా చూద్దాం.

ముందు రూల్ ఏం చెప్తుందో చూద్దాం

మన తెలుగులో రెండిటిని పోల్చాలంటే మాట మారదు. "ఈ ఫోన్ ఆ ఫోన్ కంటే పెద్దది" అంటాం. "కంటే" అని ఒకటి తగిలిస్తే పని అయిపోతుంది. "పెద్ద" అనే మాట అలాగే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. మాటకి చివర "ఇ-ఆర్" చేర్చాలి, లేదా ముందు "మోర్" పెట్టాలి.

ఎప్పుడు ఏది? చిన్న మాటలకి, అంటే ఒకే దెబ్బలో పలికేసే మాటలకి, "ఇ-ఆర్". టాల్ అయితే టాలర్, ఫాస్ట్ అయితే ఫాస్టర్, కూల్ అయితే కూలర్. పొడుగు మాటలకి "మోర్". మోర్ బ్యూటిఫుల్, మోర్ ఎక్స్‌పెన్సివ్. "బ్యూటిఫులర్" అని ఎవరూ అనరు. మధ్యలో ఉన్న హ్యాపీ, ఈజీ లాంటివి హ్యాపియర్, ఈజియర్ అవుతాయి.

ఇప్పుడు "ఫన్" చూడండి. ఎఫ్, యు, ఎన్. మూడే అక్షరాలు, ఒకే దెబ్బ. రూల్ ప్రకారం "ఫన్నర్" రావాలి కదా? అంటే ఆ అబ్బాయి రూల్ తప్పలేదు, రూల్‌నే ఫాలో అయ్యాడు. మరి జనం ఎందుకు నవ్వుతున్నారు? దానికి కారణం ఈ రూల్‌లో లేదు, వేరేచోట ఉంది. అక్కడికి వద్దాం. దానికంటే ముందు స్పెల్లింగ్ సంగతి తేల్చేద్దాం.

ఒక ఎన్ కాదు, రెండు ఎన్‌లు

ఫన్నర్ స్పెల్లింగ్ ఎఫ్, యు, ఎన్, ఎన్, ఇ, ఆర్. ఎన్ రెండు సార్లు. ఒక్క ఎన్‌తో రాస్తే తప్పు.

ఎందుకంటే, ఒక్క ఎన్ పెడితే ఆ మాట "ట్యూనర్" లాగా కనబడుతుంది. ట్యూనర్ స్పెల్లింగ్ గుర్తు తెచ్చుకోండి: టి, యు, ఎన్, ఇ, ఆర్. ఒకటే ఎన్. అప్పుడు "యు" అక్షరం సాగిపోయి "ట్యూ" అయింది. మన మాటకి కూడా ఒకటే ఎన్ పెడితే చదివేవాడు "ఫ్యూనర్" అని చదువుతాడు. ఇంకో జత చూడండి. ఒక ఎన్‌తో రాస్తే "డైనర్", అంటే చిన్న హోటల్. రెండు ఎన్‌లతో రాస్తే "డిన్నర్", అంటే రాత్రి భోజనం. తేడా ఒక్క అక్షరమే.

అంటే ఆ రెండో ఎన్ ఒక బోర్డు లాంటిది. "ముందున్న అచ్చుని సాగదీయకు, పొట్టిగా పలుకు" అని చెప్తుంది.

ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు గుర్తుంచుకోవడానికి లెక్క ఇది. మాట చివర ఒక అచ్చు, దాని తర్వాత ఒకే ఒక హల్లు ఉంటే ఆ హల్లుని డబుల్ చేయాలి. బిగ్ నుంచి బిగ్గర్, హాట్ నుంచి హాటర్, శాడ్ నుంచి శాడర్, థిన్ నుంచి థిన్నర్, ఫన్ నుంచి ఫన్నర్. అన్నిట్లోనూ చివరి అక్షరం రెండు సార్లు వస్తుంది.

రెండు అచ్చులు ఉంటే డబుల్ అక్కర్లేదు: కూల్, స్వీట్, క్లీన్. చివర రెండు హల్లులు ఉన్నా అక్కర్లేదు: ఫాస్ట్, రిచ్. చివర పలకని "ఇ" ఉంటే ఒక్క "ఆర్" చేర్చితే చాలు: నైస్, క్యూట్. డబ్ల్యు మాత్రం ఎప్పుడూ డబుల్ అవ్వదు: స్లో, న్యూ.

ఇంకో కన్‌ఫ్యూజన్ కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. "ఫన్నర్" వేరు, "ఫన్నియర్" వేరు. ఫన్నియర్ అనేది "ఫన్నీ" నుంచి వచ్చింది, అంటే ఎక్కువ నవ్వు తెప్పించేది. కామెడీ సినిమా ఫన్నియర్ అవ్వచ్చు. కానీ క్రికెట్ ఆడటం ఫన్, ఫన్నీ కాదు. "మా ట్రిప్ ఫన్నియర్" అని రాస్తే మీ ట్రిప్‌లో ఏదో కామెడీ జరిగిందని అర్థం చేసుకుంటారు. మర్యాదగా రాయబోయి అర్థం మార్చేసుకోకండి.

డబుల్ అక్షరం వెనక ఒక సన్యాసి

ఈ డబుల్ అక్షరాల పద్ధతి ఎక్కడిది? ఇది మన తెలుగువాళ్లకి చాలా తేలిగ్గా అర్థమయ్యే విషయం, ఎందుకంటే మనకి ద్విత్వాక్షరాలు ఉన్నాయి. "గుడి" వేరు, "గుడ్డి" వేరు. "కల" వేరు, "కల్ల" వేరు. ఒత్తు పలక్కపోతే అర్థమే మారిపోతుంది.

వెయ్యేళ్ల కిందట ఇంగ్లిష్ కూడా ఇలాగే ఉండేది. అప్పటి ఇంగ్లిష్‌లో "సును" అంటే కొడుకు, "సున్నె" అంటే సూర్యుడు. ఒత్తుతో పలికేవాళ్లు, ఆ ఒత్తే తేడా. కాలం గడిచేకొద్దీ ఒత్తి పలకడం పోయింది. ఇప్పుడు ఇంగ్లిష్‌లో కొడుకు, సూర్యుడు రెండూ "సన్" అనే వినబడతాయి, స్పెల్లింగే వేరు. ఒత్తు పోయినా రెండు సార్లు రాసే అక్షరం మాత్రం మిగిలిపోయింది. దానికి కొత్త ఉద్యోగం దొరికింది: ముందున్న అచ్చు పొట్టిది అని చెప్పడం.

ఈ పనిని పట్టుదలగా చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఆర్మ్ అనే క్రైస్తవ సన్యాసి. బైబిల్ కథల మీద దాదాపు 19,000 పంక్తుల పుస్తకం రాశాడు. దాని పేరు ఆర్ములమ్. అది జనానికి పైకి చదివి వినిపించడానికి రాసింది. చదివేవాళ్లు తప్పు పలుకుతారేమో అని ఆయనకి బెంగ. అందుకని పొట్టి అచ్చు తర్వాత వచ్చే హల్లుని రెండు సార్లు రాసుకుంటూ పోయాడు. తన పేరులో ఆర్ కూడా రెండు సార్లు రాసుకున్నాడు! నకలు రాసేవాళ్లు ఆ డబుల్ అక్షరాలని అలాగే ఉంచాలని పుస్తకంలోనే గట్టిగా చెప్పాడు. ఆయన పద్ధతిని పూర్తిగా ఎవరూ ఎత్తుకోలేదు గానీ, ఆ లాజిక్ ఇవాళ్టికీ బిగ్గర్‌లో, డిన్నర్‌లో, మన ఫన్నర్‌లో ఉంది.

ఇక్కడ మనకి పనికొచ్చే మాట ఒకటి. మనం రెండు అక్షరాలు కనబడితే రెండూ పలికేస్తాం. "సమ్మర్" అంటాం, "డిన్నర్" అంటాం, "రన్నింగ్" అంటాం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు అక్కడ ఒత్తు పలకరు. వాళ్ల నోట్లో అది "సమర్", "డినర్", "రనింగ్" లాగా ఉంటుంది. ఫన్నర్ కూడా వాళ్ల దగ్గర "ఫనర్". రెండో ఎన్ కంటికే, నోటికి కాదు. మన ద్విత్వం అలవాటు వల్ల వచ్చిన తేడా ఇది, సిగ్గుపడాల్సింది కాదు. తెలుసుకుంటే వినేటప్పుడు ఈజీ అవుతుంది, అంతే.

ఫన్ అంటే ఒకప్పుడు మోసం

ఇప్పుడు అసలు కథకి వద్దాం. జనం ఎందుకు నవ్వుతున్నారు?

"ఫన్" అనే మాటకి మొదట సరదా అనే అర్థమే లేదు. 17వ శతాబ్దం చివర్లో అది ఒక క్రియ. "టు ఫన్" అంటే ఒకణ్ని బురిడీ కొట్టించడం, మోసం చేయడం. తర్వాత 1700 ప్రాంతంలో "ఒక ఫన్" అంటే ఒక మోసం, ఒక ట్రిక్. ఇంకొన్నేళ్లకి, 18వ శతాబ్దం మొదటి సగంలో, "వినోదం, కాలక్షేపం" అనే అర్థం వచ్చింది. ఒకణ్ని ఆట పట్టిస్తే పక్కనున్నవాళ్లకి వినోదమే కదా! పాత అర్థం పూర్తిగా చావలేదు. "మేక్ ఫన్ ఆఫ్" అంటే ఇప్పటికీ ఎగతాళి చేయడమే.

దీని వేరు ఇంకా వెనక్కి పోతుంది. నిఘంటువులు రాసేవాళ్ల అభిప్రాయం ప్రకారం, మధ్యయుగపు ఇంగ్లిష్‌లో వెర్రివాణ్ని చేయడం అనే అర్థమున్న ఒక మాట దీనికి మూలం. "ఫాండ్" అనే మాట కూడా ఆ కుటుంబంలోదే. ఇప్పుడు ఫాండ్ అంటే ఇష్టం ఉన్నవాడు. అప్పట్లో ఫాండ్ అంటే వెర్రివాడు. వెర్రి ఇష్టంగా ఎలా మారింది అంటారా? "నాకు సినిమాలంటే పిచ్చి" అని మనం అనడంలేదూ? అచ్చం అలాగే.

1755లో శామ్యూల్ జాన్సన్ అనే ఆయన ఇంగ్లిష్‌కి పెద్ద డిక్షనరీ తెచ్చాడు. ఆ రోజుల్లో ఆయన మాటంటే మాట. ఆయన "ఫన్" పక్కన ఏం రాశాడో తెలుసా? ఇది కింది తరగతి జనం వాడే తక్కువ రకం మాట అని ముద్ర వేశాడు. ఇవాళ స్కూల్ పుస్తకాల్లో ఉన్న "ఫన్"ని ఆనాటి పెద్దాయన పక్కన పెట్టేశాడన్నమాట.

నామవాచకం మెల్లగా విశేషణం అయింది

సరే, వినోదం అనే అర్థం వచ్చింది. కానీ అది నామవాచకం, అంటే ఒక వస్తువు పేరు లాంటిది. నీళ్లు, డబ్బు, టైమ్, ఫన్. "ఫన్ అండ్ ఫ్రస్ట్రేషన్" అని మన ఎఫ్2 సినిమా టైటిల్‌లో ఉంది చూడండి, అక్కడ ఫన్, ఫ్రస్ట్రేషన్ రెండూ నామవాచకాలే.

నామవాచకానికి "ఇ-ఆర్" చేర్చరు. "నాకు మనీయర్ కావాలి" అంటామా? అనం. "మోర్ మనీ" అంటాం. అలాగే "మోర్ ఫన్". నవ్వడానికి అసలు కారణం ఇదే. పాత పద్ధతిలో చదువుకున్నవాళ్ల బుర్రలో ఫన్ ఇంకా నామవాచకమే. వాళ్లకి "ఫన్నర్" వింటే "మనీయర్" విన్నట్టు ఉంటుంది.

కానీ భాష ఆగదు. మూడు మెట్లలో మార్పు జరిగింది.

మొదటి మెట్టు: "ఇట్ ఈజ్ ఫన్". ఈ వాక్యంలో ఫన్ ఏంటి? "ఇట్ ఈజ్ వాటర్" లాగా నామవాచకమా, "ఇట్ ఈజ్ నైస్" లాగా విశేషణమా? వాక్యం చూసి చెప్పలేం. రెండూ కుదురుతాయి. అనుమానం ఇక్కడే పుట్టింది.

రెండో మెట్టు: "ఫన్ ట్రిప్", "ఫన్ గేమ్". "స్కూల్ బస్" లాగా రెండు నామవాచకాలు పక్కపక్కన పెట్టారు. కానీ వినేవాళ్లకి అది "నైస్ ట్రిప్" లాగే వినబడింది. ఇలాంటి వాడుక 19వ శతాబ్దం నుంచే కనబడుతుంది. 20వ శతాబ్దం రెండో సగంలో బాగా పెరిగింది.

మూడో మెట్టు: "సో ఫన్", "వెరీ ఫన్". ఇక్కడికి వచ్చాక ఇంక అనుమానం లేదు. "వెరీ వాటర్" అనలేం, "వెరీ ఫన్" అంటున్నాం అంటే అది విశేషణం అయిపోయినట్టే.

ఒకసారి విశేషణం అయ్యాక ఏమవుతుంది? పిల్లలు చిన్నప్పటి నుంచి "ఫన్"ని విశేషణంగానే వింటూ పెరుగుతారు. ఒకే దెబ్బలో పలికే విశేషణం కాబట్టి రూల్ దానంతట అదే పని చేస్తుంది. ఫన్, ఫన్నర్, ఫన్నెస్ట్. ఎవరో కూర్చుని కనిపెట్టలేదు, రూలే ఆ మాటని పుట్టించింది. అమెరికాలో పిల్లల మాటల్లో ఇది మామూలు.

స్టేజి ఎక్కిన ఫన్నెస్ట్

2008 సెప్టెంబర్‌లో ఆపిల్ కంపెనీ కొత్త ఐపాడ్ టచ్ తెచ్చింది. పాటలు వినడమే కాకుండా గేములు ఆడుకునే బొమ్మ లాగా దాన్ని అమ్మాలనుకున్నారు. దానికి పెట్టిన స్లోగన్, "ద ఫన్నెస్ట్ ఐపాడ్ ఎవర్". స్టీవ్ జాబ్స్ ఆ మాటతోనే దాన్ని జనానికి చూపించాడు. "ఫన్నెస్ట్ అనేది అసలు మాటేనా?" అని చర్చలు మొదలయ్యాయి. ఆపిల్‌కి ఇది కొత్త కాదు. 1997లో "థింక్ డిఫరెంట్" అన్నప్పుడు కూడా "డిఫరెంట్లీ అనాలి కదా" అని గ్రామర్ మాస్టార్లు గొడవ పెట్టుకున్నారు.

మరి డిక్షనరీలు ఏమంటున్నాయి? అమెరికాలో బాగా పేరున్న మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీ "ఫన్" విశేషణం దగ్గర ఫన్నర్, ఫన్నెస్ట్ రెండూ ఇచ్చింది. పక్కన "సమ్‌టైమ్స్" అని పెట్టింది. అంటే "కొందరు, కొన్నిసార్లు వాడతారు" అని. డిక్షనరీ జడ్జి కాదు ఫ్రెండ్స్. జనం ఏం మాట్లాడుతున్నారో రాసిపెట్టే మనిషి లాంటిది.

నిన్నటి తప్పు ఇవాళ్టి ఒప్పు

ఇలా తప్పు అనిపించుకుని తర్వాత సెటిల్ అయిపోయిన మాటలు ఇంగ్లిష్‌లో ఇంకా ఉన్నాయి. రెండు చెప్తా.

ఒకటి "లెస్సర్". "లెస్" అంటేనే "ఇంకా తక్కువ" అని. దానికి మళ్లీ "ఇ-ఆర్" తగిలించారు. ఇది పామరుల వల్ల చెడిపోయిన మాట అని జాన్సన్ గారు దీన్ని కూడా తిట్టారు. ఇవాళ లెస్సర్ అనే మాట పేపర్లలో, పుస్తకాల్లో హాయిగా తిరుగుతోంది.

రెండోది "నియరర్". పాత ఇంగ్లిష్‌లో "దగ్గర" అనడానికి వేరే మాట ఉండేది, దాని నుంచే ఇప్పటి "నై" వచ్చింది. "నియర్" అంటే "ఇంకా దగ్గర", "నెక్స్ట్" అంటే "అన్నిటికంటే దగ్గర". కాలక్రమంలో నియర్ అంటే ఉత్త "దగ్గర" అయిపోయింది. దాంతో మళ్లీ ఇంకో "ఇ-ఆర్" చేర్చి నియరర్ చేసుకున్నారు. లెక్క ప్రకారం "ఇంకా ఇంకా దగ్గర" అన్నమాట! దీన్ని ఇవాళ ఎవరూ తప్పు అనరు.

అలాగని ఏదైనా చెల్లుతుంది అనుకోకండి. "మోర్ బెటర్" మనవాళ్లు బాగా వాడతారు. షేక్‌స్పియర్ కాలంలో ఇలాంటి డబుల్ వాడుకలు మామూలే, కానీ ఇవాళ్టి స్టాండర్డ్ ఇంగ్లిష్‌లో అది తప్పు కిందే లెక్క. "మచ్ బెటర్" అనండి. "మోర్ ఫన్నర్" కూడా అంతే. మోర్ పెడితే ఇ-ఆర్ వద్దు, ఇ-ఆర్ పెడితే మోర్ వద్దు.

మరి మనం ఏం చేద్దాం?

ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం.

ఫ్రెండ్స్‌తో చాట్, ఇన్‌స్టా క్యాప్షన్, కామెంట్: "ఫన్నర్" హాయిగా రాసుకోండి. రెండు ఎన్‌లు మర్చిపోవద్దు. కీబోర్డ్ కింద ఎర్ర గీత వచ్చినా భయపడకండి. ఆ గీతకి అర్థం "ఈ మాట నా లిస్టులో లేదు" అని మాత్రమే.

ఎగ్జామ్, ఐఈఎల్‌టీఎస్ లాంటి టెస్ట్, ఆఫీస్ మెయిల్, రెజ్యూమె, ఇంటర్వ్యూ: "మోర్ ఫన్" రాయండి. ఇంకా హుందాగా ఉండాలంటే "మోర్ ఎంజాయబుల్". "మోర్ ఫన్"కి ఒక సుఖం ఉంది. ఫన్‌ని నామవాచకం అనుకునేవాళ్లకీ అది కరెక్టే, విశేషణం అనుకునేవాళ్లకీ కరెక్టే. ఎవరూ వేలెత్తి చూపలేరు. మార్కులు, ఉద్యోగం పణంగా పెట్టి ఒక మాట కోసం పోట్లాడాల్సిన పనిలేదు.

పల్లెటూరి నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడిప్పుడే ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాయడానికి ధైర్యం చేసేవాళ్లు మన గ్రూపుల్లో చాలామంది ఉంటారు. ఒక్క ఎగతాళితో వాళ్లు రాయడం మానేస్తారు. మాట్లాడటం మానేస్తారు. ఇంటర్వ్యూలో నోరు తెరవాల్సిన చోట కూడా మూసుకుంటారు. ఎగతాళి చేసినవాడికి అది రెండు సెకన్ల నవ్వు, పడ్డవాడికి అది చాలాకాలం ఉండిపోతుంది. ఎవరైనా ఫన్నర్ అని రాస్తే నవ్వకండి. చెప్పాలనిపిస్తే విడిగా మెసేజ్ పెట్టి, "ఎగ్జామ్‌లో అయితే మోర్ ఫన్ రాయి" అని చెప్పండి. చాలు.

"ఫన్"ని పనికిరాని మాట అన్న డిక్షనరీ వచ్చి రెండున్నర శతాబ్దాలు దాటింది. మాట మాత్రం బతికే ఉంది, దానికి ఫన్నర్, ఫన్నెస్ట్ అని పిల్లలు కూడా పుట్టారు. వాళ్లకి ఇంకా అన్ని ఇళ్లలోకీ పిలుపు రాలేదు. ఏ ఇంటికి తీసుకెళ్లొచ్చో, ఏ ఇంటికి వద్దో ఇప్పుడు మీకు తెలుసు.

మీకు ఇలాగే డౌట్ ఉన్న ఇంగ్లిష్ మాట ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. స్పెల్లింగ్ తప్పైనా పర్లేదు, ఇక్కడ ఎవరూ నవ్వరు. వీడియో నచ్చితే లైక్ చేయండి, ఒక ఫ్రెండ్‌కి షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ సెలవు.